ఊపిరా, వేళ్ళా

బరంపురం తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో సన్నాయిని చెవిపెట్టి వినేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఒకాయన వియ్యంకుడి ఉద్యోగం గురించి ఆరా తీస్తుంటాడు, ఒకావిడ పక్కావిడ పట్టుచీర అంచు పట్టుకుని ఏ కొట్లో కొన్నారని అడుగుతుంటుంది, పిల్లలు కుర్చీల కింద దూరి ఉంటారు. మేళగాళ్ళు ఓ మూల కూర్చుని తమ మానాన తాము వాయించుకుంటారు. అయితే ఆ ఊళ్ళోనే హల్దియాపదర్ పేట చుట్టుపక్కల మాత్రం తాళి కట్టే వేళకు పందిరంతా నోరు మూసుకునేది. అప్పుడు వైకుంఠరావు సన్నాయి మీద పై షడ్జమం పట్టుకునేవాడు. ఆఖరి అక్షింత పడేదాకా దాన్ని వదిలేవాడు కాదు. ఆ స్వరం మధ్యలో తెగకూడదని అక్కడి తెలుగిళ్ళలో ఒక పట్టింపు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. రైల్వేలో, మిల్లులో, ఆఫీసుల్లో ఉద్యోగాలకని వలస వచ్చిన కుటుంబాల వెనకే టెక్కలి నుంచి మేళం పట్టుకుని వచ్చి, ఇక్కడే ఉండిపోయిన వైకుంఠరావు తండ్రే మొదలుపెట్టి ఉండాలి.

ఆ పట్టింపుతో ఆటలాడేవాళ్ళు కూడా లేకపోలేదు. రైల్వేలో రిటైరైన సూర్యారావుగారు ఏ పెళ్ళికి వెళ్ళినా అక్షింతలు గుప్పిట్లో బిగించుకుని, అందరూ వేసేశాక, తాపీగా కళ్ళజోడు సవరించుకుని, అప్పుడు వేసేవాడు. అంతసేపూ వైకుంఠరావు బుగ్గలు పూరించి ఊదుతూనే ఉండేవాడు. "ఒక్క ఊపిరి. మనిషా, కొలిమితిత్తా?" అని సూర్యారావుగారు పక్కవాళ్ళతో అనేవాడు.

నిజానికి అది ఒక్క ఊపిరి కాదు. బుగ్గల్లో గాలి నిలవ పెట్టుకుని, అది సన్నాయి కొసనుండే పీకలోంచి బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. సన్నాయి పట్టినవాళ్ళందరికీ వచ్చిన విద్యే. చూసేవాళ్ళకు తెలియదు, వైకుంఠరావు చెప్పడు. మెచ్చుకుంటుంటే వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? అలా ఏళ్ళ తరబడి వినీ వినీ, తన ఊపిరి అందరిలాంటిది కాదని అతనే నమ్మేశాడు.

అతని వెనక పైడన్న కూర్చునేవాడు. పైడన్న అంటే వైకుంఠరావు భార్య కుమారికి తమ్ముడు. అతని పని ఒత్తు పట్టడం. ఒత్తు చూడటానికి సన్నాయిలాగే ఉంటుంది గానీ దానిమీద పాట పలకదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే షడ్జమం, సన్నాయికి శ్రుతిగా. వేళ్ళకు పనే లేదు. ఒత్తు ఆగిందంటే ఏదో తగ్గినట్టుంటుంది తప్ప అది మోగుతున్నంతసేపూ ఎవరికీ వినిపించదు. పైడన్న కూడా అంతే, ఉన్నట్టు తెలియని మనిషి.

వైకుంఠరావుకు ఇంకో గుణం ఉంది. ప్రతిదీ తెలుసుకోవాలి. పురోహితుణ్ణి మంత్రానికి అర్థం అడుగుతాడు, వంటవాణ్ణి గుండిగెడు పప్పులో ఉప్పెంతో అడుగుతాడు, ఖల్లికోటలో ఓసారి చేపల వలకు ముడివేసేవాళ్ళ పక్కన కూర్చుని ముహూర్తానికి ఆలస్యం చేశాడు. కాబట్టి మెడపక్క గడ్డ లేచి, రాత్రిళ్ళు చెమటలు పోసి, మనిషి చిక్కిపోయి, చివరకు ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నప్పుడు, కుమారి గోడకు ఆనుకుని ఏడుస్తుంటే ఇతను డాక్టరు ముందు కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

డాక్టరు స్మిత ఒడియా ఆవిడే గానీ బరంపురంలో పుట్టి పెరిగింది, తెలుగు బాగా వచ్చు. పెద్దవాళ్ళను బాబాయ్ అన్నట్టుగా మౌసా అని మాత్రం ఒడియాలోనే పిలుస్తుంది.

"మౌసా, దీన్ని హాడ్జ్‌కిన్ లింఫోమా అంటారు. మీకు మెడలో ఉంది, ఛాతీలో ఉంది, పొట్టలో గ్రంథుల్లో కూడా ఉంది. అంటే ముదిరిందనే చెప్పాలి. కానీ ముదిరాక కూడా ఎక్కువమందికి నయమయ్యే జబ్బు ఇది."

"అయితే నయం సెయ్యండి డాక్టరమ్మా. నన్ను కూసోబెట్టి అడగడం ఏటి?"

"దారులు రెండున్నాయి. అందుకే అడుగుతున్నాను. రెండిట్లోనూ నాలుగేసి మందులు. మూడు మందులు ఇందులో ఉన్నవే అందులోనూ ఉంటాయి. నాలుగోదే తేడా."

వైకుంఠరావు మొహం విచ్చుకుంది. "మేళం లాగన్నమాట. డోలు, తాళం, ఒత్తు ఆళ్ళే. సన్నాయోడు మారతాడు."

"హఉ, అంతే," అని ఆవిడ నవ్వింది. నవ్వాక ఇతని ప్రశ్నలు మొదలయ్యాయి. ఆ మూడూ ఏటి, ఎక్కడ పుడతాయి, ఏం చేస్తాయి. బయట రోగులు బారులు తీరి ఉన్నా ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఒకటి ఎర్రగా ఉంటుంది, గుండెమీద ఓ కన్నేసి ఉంచాలి. ఒకటి వెలుతురు తగిలితే చెడిపోతుంది, అందుకని సంచికి ముసుగు వేస్తారు. ఇంకోటి బిళ్ళగన్నేరు మొక్కలోంచి వచ్చింది.

"మా గుమ్మం ముందరున్న బిళ్ళగన్నేరేనా?"

"అదే. అలాగని ఇంటికెళ్ళి ఆకులు నమలకండి. మొక్క వేరు, మందు వేరు."

తరువాత నాలుగో దాని సంగతి వచ్చింది. పాత దారిలో అది బ్లియోమైసిన్. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే, కాకపోతే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. రెండు నెలలు ఇచ్చి స్కాన్ తీస్తారు, స్కాన్ శుభ్రంగా ఉంటే దాన్ని ఆపేసి మిగతా మూడింటితో వెళ్తారు. కొత్త దారిలో దాని బదులు బ్రెంటుక్సిమాబ్. అది అడ్రసు రాసిన పార్సిల్ లాంటిది, జబ్బు కణం తలుపు వెతుక్కుంటూ వెళ్ళి అక్కడే విప్పుకుంటుంది. అయితే దారిలో కొంచెం కారుతుంది. అది నరాలకు తగిలి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చాలామందికి మెల్లగా తగ్గుతుంది, కొందరికి కొంత ఉండిపోతుంది. రక్తంలో తెల్లకణాలు కూడా మరింత పడిపోతాయి, అందుకు వేరే సూది ఇస్తారు. మందు ఖరీదు సంగతి సహాయ పథకం కింద చూస్తానని ఆవిడే చెప్పింది.

"రెండిట్లో ఏది మంచిది?"

"రెండిటినీ పక్కపక్కన పెట్టి పెద్ద పరీక్ష చేశారు. ఆరేళ్ళ తర్వాత చూస్తే కొత్త దారిలో వెళ్ళినవాళ్ళలో వందకు నలుగురైదుగురు ఎక్కువ బతికున్నారు. ఇంతకన్నా కొత్తది కూడా ఒకటి వచ్చిందంటున్నారు, దాన్ని ఇక్కడ ఇప్పించే వీలు నాకింకా లేదు." ఆవిడ కలం తీసి, అప్పుడు గుర్తొచ్చినట్టు అడిగింది. "మీరేం పని చేస్తారు మౌసా?"

"సన్నాయి ఊదతాను."

డాక్టరు స్మిత కలం కింద పెట్టేసింది. "సన్నాయికి ఏది ముఖ్యం? ఊపిరా, వేళ్ళా?"

"ఏది నేకపోయినా అది రోకలే డాక్టరమ్మా."

ఊపిరి ఎంతుందో కొలిచే పరీక్ష ఒకటి రాసిచ్చి, అది చూశాక మాట్లాడుకుందాం అని ఆవిడ పంపించేసింది.

ఇంటికి వచ్చాక అరుగు మీద చర్చ జరిగింది. కుమారి మాట ముందే తెలిసిందే. "మావా, నాకు సన్నాయి అక్కర్నేదు, నువ్వు కావాల. నలుగురు ఎక్కువ బతికినారంట గదా, ఆ నలుగుర్లో నువ్వుండు."

"నువ్వు సెప్పింది బాగుంది గానీ, ఇను," అన్నాడు వైకుంఠరావు. "వేళ్ళు పోతే పాట పోతాది. ఊపిరంటావా, నాకు దండిగుంది. దండిగున్నోడు కొంత దానం సేసినా ఏటవదు. పైగా రెండు నెల్లే. స్కాన్ బాగుంటే ఆపేత్తారు. నాను పాత దారికే ఎల్తాను."

అతనికి లోపల భయం లేకపోలేదు. చచ్చిపోతానేమోనన్న భయం ఉంది, బతికుండి సన్నాయి పెట్టెలో పడి ఉంటుందేమోనన్న భయం దానికి రెండింతలు ఉంది. ఇల్లూ, పేరూ, పొద్దున్న లేస్తే పలకరించే మనుషులూ అన్నీ ఆ కర్రముక్కలోంచి వచ్చినవే అతనికి. పైడన్న గుమ్మం దగ్గర కూర్చుని బ్లేడుతో సన్నాయి పీక గీకుతున్నాడు. ఏదో అనబోయి మళ్ళీ దాన్ని గీకడంలో పడ్డాడు.

పరీక్షకు పైడన్నే తోడు వెళ్ళాడు. అక్కడ మిషను దగ్గర నీరజ అనే అమ్మాయి ఉంది. వైకుంఠరావు నోట్లో గొట్టం పెట్టి, ముక్కుకు క్లిప్పు తగిలించి, చెప్పింది. "గట్టిగా గాలి పీల్చుకుని ఒక్కసారిగా ఊదాలి. నేను చాలు అనేదాకా ఆపకూడదు."

ఎండాకాలం, కరెంటు వచ్చీ పోతూ ఉంది, ముక్కంతా చెమట. క్లిప్పు జారి ఒళ్ళో పడింది. నీరజ తెర మీద గీత చూస్తోంది, గమనించలేదు. వైకుంఠరావు దాన్ని పట్టించుకోలేదు. ఆపకూడదన్న మాట మాత్రమే అతనికి బుర్రలో ఉంది. ఎవరైనా ఆపకుండా ఊదమంటే అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే. బుగ్గలు పూరించాడు.

మామూలు మనుషులు ఊదితే గీత పైకి లేచి, ఊపిరి అయిపోగానే అడ్డంగా పడుకుంటుంది. ఈ గీత లేస్తూనే ఉంది. నీరజ తెర వంక చూసింది, గొట్టం వంక చూసింది, చాలు అనడం మరిచిపోయింది. "మిషను పాడైనట్టుంది," అని పక్కగదిలోంచి ఇంకొకరిని పిలవడానికి లేచింది. వైకుంఠరావు కళ్ళతోనే నవ్వుతూ ఊదుతున్నాడు. సూర్యారావుగారి గుప్పిటకు ఇదేం లెక్క అన్నట్టున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ పైడన్న అప్పుడు అన్నాడు. "బావా, ముక్కుతో పీలుస్తన్నావు."

వైకుంఠరావు గొట్టం తీసేసి పకపకా నవ్వాడు. సంగతి తెలిశాక నీరజ కూడా నవ్వింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మిషన్‌ను ఇలా బోల్తా కొట్టించినవాడు లేడంది. తరువాత ముక్కు శుభ్రంగా తుడిచి, క్లిప్పు బిగించి, తను దగ్గర నిలబడి మళ్ళీ ఊదమంది. ఈసారి గీత కొంచెం లేచింది, వంగింది, పడుకుంది. మళ్ళీ ఊదించింది. మళ్ళీ అంతే. దమ్ము బిగబట్టించి ఇంకో పరీక్ష కూడా చేసింది.

"మీ వయసుకు ఉండాల్సినదానికన్నా బాగా తక్కువే ఉంది," అంది నీరజ, ఈసారి నవ్వకుండా.

బయట బల్లమీద కూర్చున్నాక వైకుంఠరావు అన్నాడు. "మిషన్ తప్పు."

"మిషన్ తప్పు కాదు బావా," అన్నాడు పైడన్న. "ఏడాదిబట్టి నీకు ఊపిరి అందట్నేదు."

"నీకేటి తెలుసు?"

"నీ ఎనకాల కూసుండేది నాను గదా. ముందర తీరుబడిగా పీల్చీవోడివి. ఇప్పుడు గబగబా పీలుస్తన్నావు. సోనేపూర్ పెళ్ళిలో సూర్యారావుగారు గుప్పిట ఇప్పకముందే స్వరం తెగిపోనాది."

"తెగనేదు. పందిరంతా ఇన్నాది."

"తెగినాది. నాను ఒత్తు పెద్దది సేసినాను. నీదీ షడ్జమే, నాదీ షడ్జమే. జనానికి తెలీనేదు."

వైకుంఠరావుకు ఒళ్ళు మండిపోయింది. తన స్వరం తెగడమా, దాన్ని ఇంకొకడు అతకడమా, అది తనకే తెలియకపోవడమా. ఆటోలో హల్దియాపదర్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పైడన్న కూడా మాట్లాడలేదు, కానీ అది అతనికి మామూలే కాబట్టి కోపం వచ్చినవాడికే ఇబ్బందిగా ఉంది. ఇంటికి వచ్చి అన్నం దగ్గర కూర్చున్నాక కోపం కాస్తా సిగ్గయింది. ఇన్నాళ్ళూ కొలిమితిత్తి అని పొగిడించుకున్నది తన ఊపిరినే కాదు, వెనకున్న వాడి ఊపిరిని కూడా.

అయితే ఎంత సిగ్గున్నా ఆ మనిషి గుణం ఎక్కడికి పోతుంది? చేయి కడుక్కుని వచ్చి పైడన్న పక్కన కూలబడ్డాడు.

"ఒరే, నా స్వరం తెగుతాదని నీకు ముందుగా ఎలా తెలిసేది? తెగినాక పెంచితే జనానికి తెలిసిపోను గదా."

"నీ ఎడం భుజం లేస్తాది బావా. ఊపిరి అందనప్పుడు."

"నా భుజం లేస్తాదా?" వైకుంఠరావు తన ఎడమ భుజం వంక చూసుకున్నాడు. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టుంది. "మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే భుజం బిగబట్టుకుంటావు. అప్పుడు నాకు తెలీదు."

మర్నాడు డాక్టరు స్మిత కాగితం చూసి తల ఊపింది. ఛాతీలో గడ్డలు ఊపిరితిత్తుల్ని నొక్కుతున్నాయి, దానికి తోడు ఏళ్ళ తరబడి తాగిన బీడీలున్నాయి. ఈ ఊపిరికి పాత దారి మందు ఇవ్వాలంటే తనకు భయమే అంది.

"ఇవ్వొద్దు డాక్టరమ్మా," అన్నాడు వైకుంఠరావు. "నాది కాని ఊపిరి దానం సేత్తానని గొప్పలు పోయినాను. వేళ్ళే తీసుకోండి. ఊపిరుంటే ఒత్తయినా పట్టుకుంటాను."

ఒత్తు అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. ఈసారి ఆవిడ అడిగింది, అతను చెప్పాడు. పక్కనున్న పైడన్న నేల చూపులు చూశాడు.

పదిహేను రోజులకోసారి చొప్పున ఆరు నెలలు మందు ఎక్కించారు. ఎర్ర మందు ఎక్కిన పూట మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకుండా, చెప్పినట్టే వచ్చిందని కుమారిని పిలిచి మరీ చెప్పాడు. వినడానికి ఆమె ఇష్టపడలేదు. జుట్టు పోయింది. తెల్లకణాల సూది చేసిన రోజు ఎముకలు సలిపాయి, రెండుసార్లు జ్వరంతో ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చింది. ముసుగు వేసిన సంచిని చూస్తూ, లోపల ఏ రంగుందో ఒక్కసారి ఎత్తి చూపించమని నర్సును బతిమాలాడు. గుమ్మం ముందు బిళ్ళగన్నేరుకు రోజూ తనే నీళ్ళు పోసేవాడు. జబ్బున్న చోటల్లా స్కాన్‌లో దీపంలా వెలుగుతుందట, మధ్యలో తీసిన స్కాన్‌లో ఆ వెలుగు చాలామటుకు ఆరిపోయింది.

వేళ్ళు మాత్రం డాక్టరు చెప్పినట్టే అయ్యాయి. ముందు కొసల్లో చీమలు పాకినట్టుండేది, తర్వాత ఆ చీమలు కూడా లేవు. మందు మోతాదు కొంత తగ్గించారు. ఒకరోజు కుమారి బజారుకు వెళ్ళినప్పుడు సన్నాయి తీసి నోట పెట్టుకున్నాడు. రంధ్రం మూశాడో లేదో కంటితో చూస్తే గాని తెలియలేదు. సన్నాయిని చూస్తూ ఎవడూ ఊదలేడు. అది పెట్టెలో పెట్టేసి, వెనక్కి తిరిగి, పెద్దగా ఏడ్చాడు.

మేళం ఆగకూడదు కదా. ఆ నెలల్లోనే పైడన్నను ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించాడు. వేళ్ళతో చూపించలేడు కాబట్టి నోటితో పాడి చెప్పేవాడు. పైడన్న చిన్నప్పుడు కొంత నేర్చుకుని వదిలేసిన వాడు, వేళ్ళు మొరాయించేవి. "ఇది కల్యాణి కాదురా, కంచరగాడిద," అని వైకుంఠరావు తిట్టేవాడు. పైడన్న మళ్ళీ మొదటినుంచి ఊదేవాడు.

చివరి స్కాన్ శుభ్రంగా వచ్చింది. తరువాత వచ్చిన మొదటి పెళ్ళికి హల్దియాపదర్ కల్యాణ మండపంలో మేళం కూర్చున్నప్పుడు జనం తలలు తిప్పి చూశారు. ముందు పైడన్న ఉన్నాడు. వెనక, పైడన్న ఎప్పుడూ కూర్చునే చోట, నెత్తిమీద కొత్త జుట్టు మొలుస్తున్న వైకుంఠరావు ఒత్తు పట్టుకుని ఉన్నాడు. వేళ్ళతో పనిలేని వాయిద్యం. ఛాతీ తేలికపడ్డాక ఊపిరి ఇంత హాయిగా ఆడుతుందని అతనికి ఆశ్చర్యంగా ఉంది. వెనక నుంచి వింటే మేళం ఇలా ఉంటుందా అని ఇంకా ఆశ్చర్యంగా ఉంది. ముందు కూర్చున్నంతకాలం అతనికి తన సన్నాయి తప్ప ఇంకేదీ వినిపించలేదు. డోలు ఎడమ పక్క ఇంత మెత్తగా పలుకుతుందనీ, తాళం వేసేవాడు నిట్టూరుస్తాడనీ ఇప్పుడే తెలిసింది.

పైడన్న రెండుచోట్ల తప్పాడు. ఎవరూ గమనించలేదు. తాళి కట్టే వేళ వచ్చింది, పందిరి నోరు మూసుకుంది, పైడన్న పై షడ్జమం పట్టుకున్నాడు. అక్షింతలు పడ్డాయి. అందరూ వేసేశారు. సూర్యారావుగారు గుప్పిట బిగించుకుని, కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వైకుంఠరావు పైడన్న వీపు వంకే చూస్తున్నాడు. ఎడమ భుజం కాదు, ఇతనికి కుడి భుజం. అది మెల్లగా లేచింది. వైకుంఠరావు ముక్కుతో నిండా పీల్చుకుని ఒత్తును పెంచాడు. పైన సన్నాయి సన్నబడి, ఒక క్షణం పూర్తిగా లేకుండా పోయి, మళ్ళీ వచ్చి కలిసింది. కింద షడ్జమం నిండుగా మోగుతూనే ఉంది. సూర్యారావుగారు కళ్ళజోడు పెట్టుకుని అక్షింతలు వేశాడు.

భోజనాల వేళ ఆయన మేళం దగ్గరికి వచ్చి పైడన్న భుజం తట్టాడు. "ఏమయ్యా, నువ్వూ కొలిమితిత్తివేనన్నమాట. ఒక్క ఊపిరి." పైడన్న ఇబ్బందిగా వెనక్కి చూశాడు. వైకుంఠరావు ఒత్తు తుడుచుకుంటూ వినబడనట్టు ఊరుకున్నాడు.

ఆయన వెళ్ళాక అడిగాడు. "ఒరే పైడన్నా, నాకు ఎన్నిసార్లు ఇలాగ సేసినావురా?"

పైడన్న పీకను డబ్బాలో పెట్టుకున్నాడు. "లెక్కెట్టనేదు బావా."

"సరే అయితే," అన్నాడు వైకుంఠరావు, ఒత్తును గుడ్డలో చుట్టుకుంటూ. "నాది ఇయ్యాలతో ఒకటి."